అమెరికాలో మొదటి సెమిస్టర్: విశాఖ నుంచి వెళ్లిన పిల్లలకు

సిమ్ కార్డు, బ్యాంకు ఖాతా, అద్దె గది గురించి చెప్పేవాళ్లు మీకు చాలామందే దొరుకుతారు. విశాఖ నుంచి నేను రాస్తున్నది చదువు వెంట వచ్చే దిగులు గురించి.

క్లాసులో పక్కవాళ్లు చిన్న ప్రాజెక్టు దొరికినా ఎగిరి గంతేస్తారు. మీకేమో ముందు ఎడ్యుకేషన్ లోను గుర్తొస్తుంది. ఉద్యోగం వస్తే సింహాచలం గిరిప్రదక్షిణ, ఆ 32 కిలోమీటర్లూ నడుస్తానని అమ్మ మొక్కుకున్న సంగతి గుర్తొస్తుంది. వాళ్లలా సంబరపడలేకపోతున్నానే, నాకు అసలు ఈ చదువంటే ఇష్టం లేదేమో అని భయపడకండి. ఇంటి కోసం చదవడమూ ఇష్టంగా చదవడమే. మనస్తత్వ శాస్త్రవేత్త జోన్ మిల్లర్ బృందం 2011లో ప్రచురించిన పరిశోధనలో భారతీయులనూ అమెరికన్లనూ పోల్చారు. అయినవాళ్లకు చేసే సాయం బాధ్యతగా మీద పడినప్పుడు, అందులో తమ ఇష్టమూ తృప్తీ తగ్గుతాయని అమెరికన్లు చెప్పారు. మనవాళ్లకు మాత్రం బాధ్యత ఉన్నా తృప్తి అంతే ఉంది. అందుకే "నీ కోసం నువ్వు బతుకు" అని రూమ్మేట్ మంచి మనసుతో చెప్పినా, ఆ మాట మీకు పూర్తిగా నప్పకపోవచ్చు.

అలాగని మౌనంగా ఉండిపోకండి. అక్కడ ఉత్సాహం పైకి కనిపించాలని చాలామంది ఎదురుచూస్తారు. ఏమీ మాట్లాడకపోతే ఆసక్తి లేదనుకునే ప్రమాదం ఉంది. నటించక్కర్లేదు. ప్రొఫెసర్లు విద్యార్థులను కలవడానికి కేటాయించే ఆఫీస్ అవర్స్‌లో ప్రొఫెసర్‌ను కలిసి ఇంతవరకు ఏం చేశారో, ఎక్కడ ఆగిపోయారో చెప్పండి చాలు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది మరొకటి. ఇంటర్న్‌షిప్ రాలేదనో మార్కులు తగ్గాయనో ఇంటికి ఫోన్ చేయడం మానేస్తారు. వాళ్లు టెన్షన్ పడతారని మీరు దాస్తారు, ఫోన్ రాలేదని ఇక్కడ వాళ్లకు నిద్ర పట్టదు. విశాఖలో రాత్రి 7 గంటలంటే న్యూయార్క్‌లో వేసవిలో ఉదయం 9.30, చలికాలంలో 8.30. క్లాసుకు వెళ్తూ మాట్లాడవచ్చు. "ఈసారి రాలేదు నాన్నా, మళ్లీ అప్లై చేస్తున్నా" అనండి. అమ్మానాన్నలు మీరు అనుకున్నదానికన్నా గట్టివాళ్లు.

దిగులు వారాల తరబడి తగ్గకపోతే యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆలస్యం చేయకుండా ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి. అమెరికాలో ఎక్కడి నుంచైనా, ఏ వేళైనా పలుకుతారు, మెసేజ్ కూడా పెట్టవచ్చు.