రిటైరయ్యాక దేవునిలో ఎదగడం ఎలా? బెంగళూరులో ఉంటున్న తెలుగు అమ్మలకు

ముప్పై నాలుగేళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యాను. డ్యూటీలో ఉన్నన్నాళ్ళూ నా ప్రార్థనంతా బస్సులోనే. సీటు దొరికితే కళ్ళు మూసుకుని, దొరక్కపోతే కడ్డీ పట్టుకుని. రిటైరయ్యాక తీరిగ్గా వాక్యం చదువుకోవచ్చని ఎంత ఆశపడ్డానో! ఆరు నెలలు తిరిగేసరికి, బస్సులో చేసుకున్నంత ప్రార్థన కూడా లేకుండా పోయింది. కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో బెంగళూరు వచ్చేసిన మన తెలుగువాళ్ళలో చాలామంది ఇదే మాట చెప్తారు. మనవడి టిఫిన్ బాక్సు, స్కూల్ వ్యాను, పనమ్మాయి, కొరియర్ అబ్బాయి. రోజంతా ఇంట్లోనే ఉంటాం, పది నిమిషాలు మనవి కావు.

1. ముందు ఒక కుర్చీ వేసుకోండి

ప్రార్థనకి గది కావాలని చూడకండి, ఫ్లాట్లలో అంత చోటెక్కడిది? మా ఇంట్లో యుటిలిటీలో, వాషింగ్ మెషీన్ పక్కన, ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది. పొద్దున ఐదున్నరకి, పాల ప్యాకెట్లు వచ్చేలోపు, అందులో కూర్చుంటాను. డిసెంబరు చలికి శాలువా ఒకటి కుర్చీ మీదే ఉంచుతాను. మోకాళ్ళ మీద కూర్చోలేకపోతే బాధపడొద్దు, కుర్చీలోనే చేసుకోండి. ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పండి: "ఆరింటిదాకా నన్ను పిలవకండి." నేను చెప్పకుండా రెండు నెలలు లోలోపల గొణుక్కున్నాను. చెప్పాక మా కోడలు "అంతేనా అత్తయ్యా, ముందే చెప్పొచ్చుగా" అంది.

2. చదివేది తగ్గించండి

మొదటి జనవరిలో, ఏడాదిలో బైబిలంతా పూర్తి చేస్తానని మొదలుపెట్టాను. మొత్తం 1,189 అధ్యాయాలు, అంటే రోజుకి మూడు నాలుగు. ఆదికాండం, నిర్గమకాండం బాగానే నడిచాయి. లేవీయకాండంలో బండి ఆగిపోయింది. ఒకరోజు తప్పితే మర్నాటికి ఏడు అధ్యాయాలు బాకీ. ఆ బాకీ తీర్చాలని కళ్ళు పరుగులు పెట్టాయే గాని, పొద్దున ఏం చదివానో సాయంత్రానికి గుర్తుండేది కాదు.

ఇప్పుడు వేరే లెక్క. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలు. వారానికి ఐదు రోజులు, రోజుకి ఒక్కటి చదివితే 52 వారాలకి సరిగ్గా అయిపోతుంది. శని, ఆదివారాలు పిల్లలు ఇంట్లో ఉంటారు కాబట్టి వీలైతే ఒక కీర్తన, లేకపోతే లేదు. అధ్యాయాన్ని రెండుసార్లు చదవండి, రెండోసారి మన చెవికి వినబడేలా. ఎక్కడ మనసు పట్టుకుంటే అక్కడ ఆగండి, ఆ రోజుకి ఆ ఒక్క వచనం చాలు. 119వ కీర్తనలో 176 వచనాలున్నాయని భయపడతాం గాని, అది ఎనిమిదేసి వచనాల చొప్పున 22 భాగాలుగా ఉంటుంది. రోజుకో భాగం చదివితే భారమే తెలియదు.

శుక్లాలతో కళ్ళు మసకగా ఉంటే పెద్ద అక్షరాల బైబిలు తెచ్చుకోండి. బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా ప్రధాన కార్యాలయం ఎం.జి. రోడ్డులోనే ఉంది, అక్కడ అడగొచ్చు. అదీ కష్టమైతే ఫోన్లో తెలుగు ఆడియో బైబిలు ఉచితంగా వినొచ్చు. ఇక వాట్సాప్‌లో పూల బొమ్మల మీద వచ్చే వాక్యాలంటారా, వాటిని పదిమందికి పంపించి ఈరోజు ధ్యానం అయిపోయిందనుకున్న రోజులు నాకూ ఉన్నాయి.

3. ప్రార్థనకి నోటుపుస్తకం పెట్టండి

వార్డులో పేషెంటు పేరు, టైము, ఏం ఇచ్చాం, తర్వాత ఎలా ఉన్నారు, అన్నీ రాసేవాళ్ళం. అదే అలవాటు ఇక్కడికి తెచ్చాను. ఎడమ పేజీలో తేదీ, పేరు, విషయం. కుడి పేజీ ఖాళీ. ఏదైనా జరిగిన రోజు అక్కడ రాస్తాను. "దేవా, అందర్నీ దీవించు" అని అడిగితే, జవాబు వచ్చిందో లేదో మనకెలా తెలుస్తుంది?

ఈ పుస్తకంలో ఒక చిక్కుంది, చెప్పాలి. ఉద్యోగంలో ఉన్నప్పుడు పాత కోపాలకి టైము ఉండదు. రిటైరయ్యాక మధ్యాహ్నం మూడింటికి, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, అవి ఒక్కొక్కటే వస్తాయి. నా ప్రమోషన్ అప్పుడు పైవాళ్ళకి లేనిపోనివి చెప్పిన ఒకావిడ ఉంది. ఆమెని క్షమించానని సంఘంలో సాక్ష్యం కూడా చెప్పాను. తీరా పుస్తకంలో ఆమె పేరు రాయబోతే చెయ్యి రాలేదు. మూడు వారాలు పట్టింది. ఆమెకి మోకాళ్ళ ఆపరేషన్ అయిందని తెలిసింది, అందుకని పేరు పక్కన "మోకాళ్ళు" అని ఒక్క ముక్క రాశాను. అంతకుమించి అడగడం నాకు చేతకాలేదు. మీకూ అలాంటి పేరు ఉంటే, నిజంగా అడగగలిగినంతే రాయండి. ఆ కుడి పేజీ ఇంకా ఖాళీగానే ఉంది.

4. ఉపవాసం విషయంలో జాగ్రత్త

ఇది నర్సుగా చెప్తున్నాను. షుగర్ మాత్ర వేసుకునో, ఇన్సులిన్ తీసుకునో తిండి మానేస్తే షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం. ఉపవాస ప్రార్థనలో అలా తూలిపోయిన పెద్దావిడని పట్టుకుని చక్కెర నీళ్ళు తాగించాను. డాక్టర్ని అడక్కుండా చేయకండి, మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. ఆ రోజు టీవీ సీరియల్, ఫోన్ మానేయండి. నాకైతే అన్నం మానడం కన్నా అదే కష్టం.

5. తెలుగు ఆరాధన వెతుక్కోండి

పిల్లలు ఇంగ్లీషు ఆరాధనకి తీసుకెళ్తారు. వెళ్ళండి, మనవల పక్కన కూర్చోవడమూ మంచిదే. కానీ ఏడుపొచ్చినప్పుడు మన నోటికొచ్చేది తెలుగే కదా. బెంగళూరులో తెలుగు సంఘాలున్నాయి. నెలకి ఒకట్రెండు ఆదివారాలు, వీలైతే స్త్రీల కూడికకి కూడా వెళ్ళండి. బస్సు ఛార్జీ అడ్డం కాదు. 2023 జూన్ నుంచి శక్తి పథకంలో ఆడవాళ్ళకి ఆర్డినరీ బస్సుల్లో టికెట్ ఉచితం. కర్ణాటక అడ్రసు ఉన్న ఆధార్ లాంటి గుర్తింపు కార్డు ఉండాలి, ఏసీ బస్సులకి వర్తించదు.

6. ఒక్క మనిషిని పట్టుకోండి

తీతుకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో పౌలు పెద్ద వయసు స్త్రీలకి ఒక పని అప్పగించాడు: చిన్నవాళ్ళకి నేర్పడం. దానికి స్టేజీ అక్కర్లేదు. కాన్పయ్యి ఇంట్లో ఒంటరిగా ఉన్న పక్క ఫ్లాటు అమ్మాయి చాలు. ఇల్లు కదల్లేని స్థితిలో ఉన్నా చేయొచ్చు. ఎమీ కార్మైకేల్ అనే మిషనరీ 1895లో ఇండియాకి వచ్చినప్పుడు మొదట ఉన్నది బెంగళూరులోనే. తర్వాత తమిళనాడులోని దోనావూరులో పిల్లల్ని పెంచింది. 1931లో కిందపడ్డాక, 1951లో కన్నుమూసేదాకా ఎక్కువకాలం తన గదిలోనే ఉండిపోయింది. పుస్తకాలు, ఉత్తరాలు అక్కడి నుంచే రాసింది.

నా వంతు ఒక ఫోన్ కాల్. ప్రతి గురువారం నాలుగింటికి, మంచం పట్టిన ఒక పెద్దమ్మకి. ఆమెకి జ్ఞాపకం తగ్గింది, ప్రతిసారీ అదే పాట పాడమంటుంది. మూడు చరణాలు పాడి ఆపేస్తే "ఇంకోటి ఉందిగా అమ్మాయ్" అని పట్టేసింది. నాలుగోది నాకు రాదు. కీర్తనల పుస్తకం తెచ్చి కుర్చీ మీద పెట్టాను, గురువారంలోపు నేర్చుకోవాలి.