ఊళ్లో పాత మండువా ఇంటిని కాపాడుకోవడం ఎలా?

హోస్కోటె దగ్గర మా తాతగారి ఇంటిని ఊళ్లో తొట్టి మనె అంటారు, మాకు మాత్రం మండువా ఇల్లు. మేమంతా ఉండేది బెంగళూరులో. ఆర్నెల్లకోసారి వెళ్లి తాళం తీస్తాం. మీదీ ఇదే పరిస్థితి అయితే, మేస్త్రీని పిలవడం తర్వాత.

ముందు కాగితాలు. కర్ణాటకలో పంచాయతీ ఆస్తుల రికార్డులుండే ఈ-స్వత్తు వెబ్‌సైట్‌లో ఫారం 9, 11 (ఇంటి ఆస్తి పత్రాలు) ఎవరి పేరున ఉన్నాయో చూడండి. ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఈసీని (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) రిజిస్ట్రేషన్ శాఖ వారి కావేరి పోర్టల్‌లో తీయొచ్చు. పాత లావాదేవీల కోసం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు తిరగక తప్పదు. వాటాదార్లందరూ ఒప్పుకోకుండా ఒక్క పెంకు కూడా కదిలించకండి.

తర్వాత ఇంటి వయసు. పెద్దవాళ్లనడిగితే "రెండొందల ఏళ్లు" అనేస్తారు. ఒక పెంకు దించి, వెనకవైపు తడిగుడ్డతో తుడవండి. చాలావాటి మీద ఫ్యాక్టరీ పేరు అచ్చేసి ఉంటుంది. మంగళూరులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వాళ్లు పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది 1865లో, కాబట్టి మంగళూరు పెంకు అంతకన్నా పాతది కాదు. అలాగని పెంకు వయసే ఇంటి వయసనుకోకండి. మా వంటింటి వసారా మీద ఇంకా కుమ్మరి చేసిన నాటు పెంకులే ఉన్నాయి. అంటే మిగతా కప్పు తర్వాత మార్చారన్నమాట. ఇలాంటివి కనిపించినప్పుడే ఫొటో తీసి, కొలతలతో నోట్‌బుక్‌లో రాసుకోండి.

ఇక గోడలు. మేం దెబ్బతిన్నది ఇక్కడే. మట్టి గోడ మీద సున్నం పెచ్చులూడుతోందని మేస్త్రీ సిమెంటు పూశాడు. నున్నగా, కొత్తింటిలా ఉందని మురిసిపోయాం. రెండు వానాకాలాలయ్యాక వేలితో కొడితే గుల్లగా మోగింది. గోడ నేలలోంచి చెమ్మ పీలుస్తుంది. సున్నమైతే దాన్ని బయటికి వదులుతుంది, సిమెంటు లోపలే బిగించేస్తుంది. చెక్కించి చూస్తే లోపలి మట్టి పిడికిట్లోకి పొడిగా రాలింది. మళ్లీ సున్నమే వేయించాం, ఖర్చు రెండింతలు. సున్నం పని తెలిసిన మనిషి దొరికేదాకా ఆగండి. ఈలోగా పగిలిన పెంకులు మార్చి, చూరు నీళ్లు గోడ మొదట్లో నిలవకుండా కాలువ తీయిస్తే చాలు.

ప్రభుత్వం రక్షిస్తుందని మాత్రం కూర్చోకండి. పాత కట్టడాలు, వారసత్వ సంపద కాపాడేందుకు 1984లో మొదలైన ఇన్‌టాక్ అనే సంస్థకు బెంగళూరులో శాఖ ఉంది, సలహా అడగొచ్చు. కానీ వాళ్ల జాబితాలోకి ఎక్కినంత మాత్రాన చట్టం అండ రాదు. అందుకే ఇంటిని ముక్కలు చేయకూడదని మేమే ఒప్పందం రాసుకున్నాం. ఎనిమిది మంది వాటాదార్లలో ఆరుగురు సంతకం పెట్టారు. మిగతా ఇద్దరి కోసం దసరాకి ఊరెళ్తున్నాం.