వేపుడు కూరల్లోకి కూరపొడి

పావు కప్పు శనగపప్పు, పావు కప్పు మినప్పప్పు, అరకప్పు ధనియాలు, 12 ఎండుమిరపకాయలు, చెంచాడు జీలకర్ర, ఉసిరికాయంత చింతపండు, సరిపడా ఉప్పు.

అడుగు మందంగా ఉన్న మూకుడులో చెంచా నూనె వేసి, సన్నసెగ మీద ముందు శనగపప్పు, కాస్త ఆగి మినప్పప్పు వేయించాలి. తొందరపడి మంట పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటాయి, పొడంతా పచ్చివాసనే. పప్పులు దోరగా వేగాక ధనియాలు, మిరపకాయలు వేయాలి. జీలకర్ర, గింజలు తీసి విడదీసిన చింతపండు స్టవ్ ఆపాకే. ఆ వేడి చాలు.

పూర్తిగా చల్లారాక ఉప్పు వేసి కాస్త బరకగా పట్టాలి. వేడిమీద పొడి కొడితే ఆవిరికి ఉండ కడుతుంది. వెల్లుల్లి, ఎండుకొబ్బరి కలిపితే రుచే కానీ త్వరగా పాడవుతుంది. వాడే రోజు కలుపుకోవడమే మంచిది.

అరకిలో దొండకాయ వేపుడుకి రెండు చెంచాల పొడి, దించడానికి రెండు నిమిషాల ముందు వేయాలి. ముందే వేస్తే అడుగంటి చేదెక్కుతుంది.