భద్రతా పాలసీ చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: గేటు దగ్గరి ఫ్రేము దాటి లోపలికి

పోయిన పాఠంలో ఇచ్చిన పని, భద్రతా గుర్తులు చదవడం, తేలికైనదే. ఎర్ర గీత కొట్టిన వలయం కనిపిస్తే అది చేయకూడదు. పసుపు త్రికోణం ఉంటే అక్కడ ప్రమాదం పొంచి ఉంది. నీలం వలయం ఉంటే తప్పనిసరిగా పాటించాలి. ఆకుపచ్చ అయితే బయటికి దారో, ఫస్ట్ ఎయిడో. మీ యూనిట్‌లోని గుర్తులన్నీ ఇలా రాసుకుని ఉంటారు కాబట్టి ముందుకు పోదాం.

ఈసారి పాఠం కాస్త పెద్దది. చిన్న వర్క్‌షాపులో ఏం చేయాలో మేస్త్రి నోటితోనే చెప్పేస్తాడు. పెద్ద కంపెనీలో గేటు దగ్గర ఎండీ సంతకంతో ఫ్రేము కట్టిన కాగితం ఒకటి ఉంటుంది. చేరిన రోజు హెచ్‌ఆర్ వాళ్లు ఇచ్చిన పుస్తకం ఉంటుంది. ఇంట్రానెట్‌లో ఫోల్డర్లు, సేఫ్టీ ఆఫీసర్ బీరువాలో ఫైళ్లు సరేసరి. ఇన్నిట్లో మీ ప్రాణానికి పనికొచ్చే నాలుగు వాక్యాలు ఎక్కడున్నాయో పట్టుకోవడమే ఈ పాఠం.

గుంటూరు చుట్టూ కోల్డ్ స్టోరేజీలకు కొదవలేదు కాబట్టి ఉదాహరణకు అదే తీసుకుందాం. చాలా ఊళ్లలో గోడౌన్లున్న పెద్ద కంపెనీ, హెడ్డాఫీసు ఎక్కడో వేరే నగరంలో. మీరు మెషిన్ రూమ్‌లో కొత్త ఆపరేటర్. లోపల మిర్చి టిక్కీలు (బస్తాలు), వాటిని చల్లగా ఉంచేది అమ్మోనియా. గ్యాస్ లీకైతే మీరేం చేయాలి?

చాలామంది గేటు దగ్గరి కాగితంతో మొదలుపెడతారు. 'ఉద్యోగుల భద్రతే మాకు ప్రధానం' అని ఉంటుంది. అది ఊరికే పెట్టింది కాదు. 1984 భోపాల్ దుర్ఘటన తర్వాత 1948 నాటి ఫ్యాక్టరీల చట్టాన్ని 1987లో సవరించారు. యాజమాన్యం తన భద్రతా విధానాన్ని రాతపూర్వకంగా తయారుచేసి కార్మికులకు తెలియజేయాలని అప్పుడే 7ఏ సెక్షన్ వచ్చింది. ఆ కాగితంలో రెండే చూడండి: కింద తేదీ ఎప్పటిది, భద్రతకు బాధ్యుడిగా ఏ హోదాను రాశారు. గ్యాస్ లీకు గురించి అందులో ఏమీ ఉండదు. ఉండాలని ఎదురుచూడటం కూడా అనవసరం.

కాబట్టి వెనకనుంచి రండి. పాలసీ నుంచి ప్రమాదం వైపు కాకుండా, ప్రమాదం నుంచి కాగితం వైపు. మీ ప్రమాదం అమ్మోనియా. దానికి సేఫ్టీ డేటా షీటు, అంటే ఆ రసాయనం ప్రమాదాలు, జాగ్రత్తలు రాసిన కాగితం ఉంటుంది, పాతవాళ్లు ఎంఎస్‌డీఎస్ అంటారు. అందులో 16 విభాగాలు. ప్రస్తుతానికి వాటిలో ఈ నాలుగు చదివితే చాలు: 2లో ప్రమాదాలు, 4లో ప్రథమ చికిత్స, 6లో లీకైతే చేయాల్సింది, 8లో వేసుకోవాల్సిన రక్షణ సామగ్రి. తర్వాత మెషిన్ రూమ్ ఎస్‌ఓపీ, అంటే పని ఎలా చేయాలో వరసగా రాసిన కాగితం తీయండి. ఆ తర్వాత యూనిట్ ఎమర్జెన్సీ ప్లాన్. ఈ మూడూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టుకోవాలి. విడివిడిగా చదివితే అన్నీ బాగానే కనిపిస్తాయి, అదే చిక్కు.

పక్కపక్కన పెడితే ఏం బయటపడుతుందో చూడండి. గాలిలో అమ్మోనియా 300 పీపీఎం (పది లక్షల పాళ్లలో 300 పాళ్లు) చేరితే ప్రాణాపాయం కింద లెక్క. అంత లీకులోకి వెళ్లాలంటే సిలిండర్‌తో ఊపిరి అందించే బ్రీతింగ్ సెట్ కావాలి, ఫిల్టర్ మాస్కు సరిపోదు. ఎస్‌ఓపీలో మాత్రం 'మాస్కు ధరించి వాల్వు మూయాలి' అని ఒక్క ముక్కే ఉందనుకోండి. ఏ మాస్కు? ఏ స్థాయి లీకు వరకు? ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీయండి. మీరు వెతుకుతున్నది ఇలాంటి ఖాళీలనే. మాస్కు మాట ఎమర్జెన్సీ ప్లాన్‌లో అసలే లేకపోతే ఆ గీత ఇంకా లావుగా గీయొచ్చు.

స్పష్టమైన వాక్యం ఎలా ఉంటుందో ఇప్పుడు చూద్దాం. 'లీకు గమనించిన వెంటనే సంబంధిత సిబ్బంది తగిన చర్యలు తీసుకోవాలి.' ఇది ఎవరికీ ఏమీ చెప్పదు. ప్రమాదం జరిగాక ఎంక్వైరీలో మాత్రం అందరి మీదా వాడుకోవడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఇప్పుడు ఇంకోటి: 'లీకు చూసిన ఆపరేటర్ మెషిన్ రూమ్ బయటి గోడ మీదున్న ఎమర్జెన్సీ స్టాప్ నొక్కి, సైరన్ మోగించి, గాలి వాలుకు అడ్డంగా నడుచుకుంటూ అసెంబ్లీ పాయింట్ (అందరూ గుమిగూడే చోటు) చేరాలి. షిఫ్ట్ ఇన్‌చార్జి అనుమతి లేకుండా ఎవరూ తిరిగి లోపలికి వెళ్లకూడదు.' ఎవరు, ముందు ఏది, ఎటు, మళ్లీ లోపలికి పంపేది ఎవరు: నాలుగూ ఉన్నాయి. ఏ భద్రతా వాక్యాన్నయినా ఈ నాలుగు ప్రశ్నలతో గుచ్చి చూడండి. అన్నిటికన్నా ఎక్కువగా తప్పేది చివరి ప్రశ్నే. బయటికి రమ్మని అందరూ రాస్తారు, తిరిగి ఎప్పుడు వెళ్లాలో రాయడం మరిచిపోతారు.

కాగితం మూలన డాక్యుమెంట్ నంబరు, రివిజన్ నంబరు, తేదీ ఉంటాయి. గోడ మీద రివిజన్ 2, ఇంట్రానెట్‌లో రివిజన్ 5 ఉంటే కొత్తదే లెక్క. గోడ మీదిది మార్చమని చెప్పండి. 'అన్‌కంట్రోల్డ్ కాపీ' (కొత్తది వచ్చినా మార్చే పూచీ లేని కాపీ) అని ముద్ర ఉంటే దాన్ని సరిచూసుకోకుండా నమ్మొద్దు. ఇంకో చిన్న పరీక్ష కూడా చేయొచ్చు. ఎమర్జెన్సీ లిస్టులోని ఫోన్ నంబర్లకు మామూలు రోజునే ఒకసారి ఫోన్ చేసి చూడండి. రిటైరైనవాళ్లు, బదిలీ అయినవాళ్లు ఎత్తితే ఆ ప్లాన్‌ను ఎవరూ చాలాకాలంగా తెరవలేదన్నమాట.

కాగితం బాగున్నంత మాత్రాన అది అందరికీ చేరిందనుకోకూడదు. మీ యూనిట్‌లో టిక్కీలు మోసే హమాలీలు కంపెనీ రోల్స్‌లో ఉండకపోవచ్చు. ఇంట్రానెట్ వాళ్లకు ఉండదు. ముఠా మేస్త్రిని కదిపి చూడండి.

"బాబాయ్, గ్యాస్ వాసన గట్టిగా వస్తే మీవాళ్లు ఎటు పోవాలో ఎవరన్నా చెప్పారా?"

"వాసన ఎప్పుడూ ఉండేదేగా అబ్బాయ్. మెట్లు దిగి పోవటమేగా!"

ఆ మెట్లు సరిగ్గా మెషిన్ రూమ్ పక్కనే ఉంటే? ప్లాన్‌లో రెండో తలుపు రాసి ఉండొచ్చు, ఆయనకు మాత్రం ఎవరూ చెప్పలేదు. మిరపకాయల ముచ్చికలు తీసే ఆడవాళ్లనూ ఇదే అడగండి. వాళ్ల జవాబులు మీ పెన్సిల్ గీతల పక్కన రాసుకోండి. ఇంట్రానెట్‌లో దొరకని సమాచారం ఇది.

ఇక అడగడం. 2025 నవంబర్ 21 నుంచి ఫ్యాక్టరీల చట్టం స్థానంలో 2020 నాటి వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమల్లోకి వచ్చింది. తన ఆరోగ్యం, భద్రతలకు సంబంధించిన సమాచారాన్ని యజమాని నుంచి పొందే హక్కు ప్రతి ఉద్యోగికీ 14వ సెక్షన్ ఇచ్చింది. పాత చట్టంలోనూ 111ఏ కింద కార్మికుడికి ఈ హక్కు ఉండేది. కొత్త కోడ్ ప్రకారం 500 మంది కార్మికులున్న ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్ ఉండాలి, ప్రమాదకర ప్రక్రియలుంటే 250 మందికే. మీ యూనిట్‌లో అరవై మందే ఉంటే ఆ ఆఫీసర్ వేరే ఊళ్లో కూర్చుని ఉండొచ్చు. అందుకే నోటితో అడిగి వదిలేయకుండా కాగితం మీద పెట్టాలి. సెక్షన్లు వల్లించాల్సిన అవసరం లేదు, మొదటి ఉత్తరంలో అయితే అసలే వద్దు. ఎదుటివాడు బిగుసుకుపోతాడు. ఇలా రాస్తే చాలు:

'సేఫ్టీ ఆఫీసర్ గారికి, మెషిన్ రూమ్ ఎస్‌ఓపీలో మాస్కు ధరించాలని ఉంది. ఏ రకం మాస్కు, ఎంత లీకు వరకు అన్నది లేదు. డేటా షీటులో పెద్ద లీకుకు బ్రీతింగ్ సెట్ అని ఉంది. మన యూనిట్‌లో ఆ సెట్ ఎక్కడ ఉంచారో, దాన్ని వాడటానికి ఎవరికి శిక్షణ ఇచ్చారో తెలియజేయగలరు. హమాలీలకు బయటికి వెళ్లే దారి చూపించే ఏర్పాటు కూడా చేయించగలరు.'

తేదీ వేసి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. మెయిల్ అయితే ఇంకా మంచిది.

ఈ వారం పని: మీ పనిలో ఒకే ఒక్క ప్రమాదం తీసుకోండి. ఆటోనగర్‌లో లారీల బాడీలు కట్టేవాళ్లయితే వెల్డింగ్ పొగ, ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ వైపు పనిచేసేవాళ్లయితే కన్వేయర్ బెల్టు, బయట తిరిగే పనివాళ్లయితే మే నెల విజయవాడ ఎండ. దానికి సంబంధించిన మూడు కాగితాలు వెతకండి. నాలుగు ప్రశ్నలతో గుచ్చండి. జవాబు దొరకనివాటిని పై ఉత్తరం తరహాలో ఐదు వాక్యాలకు మించకుండా రాయండి. మూడో కాగితం ఎంత వెతికినా దొరక్కపోతే అదే మీ మొదటి ప్రశ్న.

వచ్చే పాఠంలో వర్క్ పర్మిట్, అంటే పని మొదలుపెట్టడానికి ఇచ్చే అనుమతి కాగితం: సంతకం పెట్టే ముందు అందులో ఏ గడులు చూడాలి, ఖాళీగా వదిలిన గడి ఉంటే పని ఎలా ఆపాలి.