డేటాబేస్ కనెక్షన్‌ను ఎవరు తెరవాలి, ఎవరు మూయాలి: వెబ్ అప్లికేషన్లలో డిపెండెన్సీ ఇంజెక్షన్

కర్నూలు మార్కెట్ యార్డుకు వచ్చే ఉల్లి లాట్లను, వేలంలో వాటికి పలికిన ధరలను నమోదు చేసే ఒక వెబ్ అప్లికేషన్‌ను ఊహించుకుందాం. కోడుమూరు వైపు నుంచో గూడూరు వైపు నుంచో రైతు సరుకు తెస్తాడు. కమీషన్ ఏజెంటు దగ్గరి గుమస్తా ఆ రైతు పేరు, ఊరు, బస్తాల సంఖ్య, బరువు, క్వింటాలు ధర నమోదు చేస్తాడు. ఇంకా బండి కట్టని రైతులు ఆనాటి ధరలను ఇంటి నుంచే ఫోనులో చూసుకుంటారు. వేలం సాగే ఆ రెండు మూడు గంటల్లోనే రాసేవారూ చదివేవారూ ఒక్కసారిగా డేటాబేస్ మీద పడతారు కనుక, కనెక్షన్ల నిర్వహణలో ఉన్న లోపం ఏదైనా సరిగ్గా అప్పుడే బయటపడుతుంది. ఈ వ్యాసంలో ఉదాహరణలకు పైథాన్ భాషను, వెబ్ ఫ్రేమ్‌వర్క్‌గా ఫాస్ట్‌ఏపీఐని, డేటాబేస్‌తో మాట్లాడే లైబ్రరీగా ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీని, డేటాబేస్‌గా పోస్ట్‌గ్రెస్‌ను తీసుకున్నాను.

కొత్తగా రాసేవారు సాధారణంగా రెండు దారుల్లో ఒకటి పడతారు. మొదటిది, లాటు నమోదు చేసే ఫంక్షన్‌లోనే సర్వర్ చిరునామా, యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి కనెక్షన్ తెరవడం, పని అయ్యాక మూయడం. బరువు గడిలో అంకెకు బదులు అక్షరం వచ్చి మధ్యలో ఎర్రర్ తలెత్తితే, మూసే వరుస దాకా నియంత్రణ చేరదు. ఆ కనెక్షన్ అలాగే వేలాడుతుంది. పైగా పోస్ట్‌గ్రెస్ ప్రతి కనెక్షన్‌కూ సర్వర్‌లో విడిగా ఒక ప్రాసెస్‌ను పుట్టిస్తుంది కాబట్టి, ప్రతి రిక్వెస్టుకూ కొత్తది తెరవడం సమయానికీ మెమరీకీ భారమే. రెండో దారి, ఫైలు మొదట్లో ఒకే సెషన్‌ను (డేటాబేస్‌తో ఒక విడత పనిని నడిపే వస్తువును) గ్లోబల్‌గా తెరిచి అందరికీ అదే వాడడం. ఇది ఇంకా ప్రమాదకరం. ఒక గుమస్తా రాసిన లాటు, మరొకరి రిక్వెస్టులో జరిగిన రోల్‌బ్యాక్‌తో (మార్పుల రద్దుతో) కలిసి చెరిగిపోవచ్చు. ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ సెషన్‌ను ఒకే సమయంలో పలు థ్రెడ్లు (ఒకే ప్రాసెస్‌లో పక్కపక్కనే నడిచే పనులు) వాడుకునేందుకు తయారు చేయలేదు.

డిపెండెన్సీ ఇంజెక్షన్ చెప్పేది ఒక్కటే. ఫంక్షన్ తనకు ఏమి కావాలో పారామీటర్ రూపంలో ప్రకటిస్తుంది; దాన్ని తయారుచేసి అందించడం, పని ముగిశాక వెనక్కి తీసుకోవడం బయటివారి బాధ్యత. యార్డులో రైతు తన కాటాను తాను మోసుకురాడు, యార్డు కాటా మీద తూకం వేయించుకుని పక్కకు తప్పుకుంటాడు. హ్యాండ్లర్‌కూ (రిక్వెస్టుకు జవాబిచ్చే ఫంక్షన్‌కూ) కనెక్షన్‌కూ ఉండవలసిన సంబంధం అదే. దీనివల్ల పరీక్షలు రాయడం తేలికవుతుందని చాలామంది చెబుతారు, అది నిజమే. కానీ నా దృష్టిలో అసలు ప్రయోజనం వేరు: ఏ వస్తువు ఎంతసేపు బతకాలి అన్న ప్రశ్నకు కోడ్‌లో ఒకే చోట జవాబు దొరుకుతుంది.

ఆయుష్షులను విడదీయడం

ఇక్కడ రెండు ఆయుష్షులు ఉన్నాయి. ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ ఇంజిన్, దానిలోని కనెక్షన్ పూల్ (తెరిచి ఉంచి మళ్ళీ మళ్ళీ వాడుకునే కనెక్షన్ల నిల్వ) అప్లికేషన్ ప్రాసెస్ ఉన్నంతకాలం ఉండాలి. సెషన్ ఒక్క రిక్వెస్టు ఉన్నంతసేపే ఉండాలి. ఈ రెంటినీ కలగలిపినప్పుడే ఇబ్బందులు పుడతాయి.

ఇంజిన్‌ను ఫాస్ట్‌ఏపీఐలోని లైఫ్‌స్పాన్ ఫంక్షన్‌లో (అప్లికేషన్ మొదలైనప్పుడూ ఆగేటప్పుడూ నడిచే దానిలో) తయారు చేయండి. డేటాబేస్ చిరునామాను కోడ్‌లో రాయకుండా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ నుంచి చదివి, క్రియేట్_ఇంజిన్‌ను ఒక్కసారి పిలిచి, ఆ ఇంజిన్‌తో ఒక సెషన్‌మేకర్‌ను (సెషన్లను తయారుచేసే దాన్ని) కట్టి, దాన్ని యాప్ స్టేట్‌లో ఉంచండి. లైఫ్‌స్పాన్‌లో యీల్డ్ (ఫంక్షన్ మధ్యలో ఆగి విలువను, నియంత్రణను బయటికి అప్పగించే పైథాన్ మాట) తరువాతి భాగం అప్లికేషన్ ఆగేటప్పుడు నడుస్తుంది. అక్కడ ఇంజిన్ మీద డిస్పోజ్ పిలవండి. ఇలా చేస్తే ప్రతి వర్కర్ ప్రాసెస్ (సర్వర్‌లో నడిచే అప్లికేషన్ ప్రతుల్లో ఒకటి) తన ఇంజిన్‌ను తానే తయారు చేసుకుంటుంది. ప్రాసెస్ చీలక ముందే తెరిచిన కనెక్షన్లను పిల్ల ప్రాసెస్‌లు పంచుకుంటే జవాబులు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి, కనుక ఇది పట్టించుకోవలసిన విషయమే. ఇంజిన్‌కు పూల్_ప్రీ_పింగ్ అమరికను కూడా ఇవ్వండి. డేటాబేస్ రీస్టార్ట్ అయినప్పుడు చచ్చిపోయిన కనెక్షన్‌ను పూల్ వాడకముందే గుర్తించి కొత్తది తెరుస్తుంది.

తరువాత సెషన్‌ను అందించే ఫంక్షన్ రాయాలి. అది రిక్వెస్టును పారామీటర్‌గా తీసుకుని, యాప్ స్టేట్‌లోని సెషన్‌మేకర్‌తో ఒక సెషన్ తెరిచి, ట్రై లోపల దాన్ని యీల్డ్ చేసి, ఫైనల్లీలో మూస్తుంది. హ్యాండ్లర్‌లో ఏ ఎర్రర్ వచ్చినా ఫైనల్లీ తప్పక నడుస్తుంది. మూసినప్పుడు కమిట్ కాని (డేటాబేస్‌లో ఖాయం కాని) మార్పులు రద్దయి, కనెక్షన్ పూల్‌కు చేరుతుంది. మధ్యలో ఎక్సెప్ట్ పెట్టి ఎర్రర్‌ను పట్టుకుంటే దాన్ని తిరిగి రెయిజ్ చేయడం మరవకండి, లేకపోతే అసలు తప్పేమిటో లాగ్‌లో కనబడకుండా పోతుంది.

లాటు నమోదు చేసే హ్యాండ్లర్ ఇప్పుడు ఫాస్ట్‌ఏపీఐలోని డిపెండ్స్ ద్వారా ఈ ఫంక్షన్‌ను పేర్కొని, సెషన్‌ను పారామీటర్‌గా అందుకుంటుంది. అయితే నేరుగా సెషన్‌ను కాకుండా, సెషన్‌ను తన కన్‌స్ట్రక్టర్‌లో తీసుకునే ఒక లాట్ల రిపాజిటరీని (లాట్ల డేటాను చదివి రాసే క్లాసును), ఒక రైతు ఖాతాల రిపాజిటరీని హ్యాండ్లర్‌కు అందించడం మరింత మేలు. ఇక్కడ ఫాస్ట్‌ఏపీఐ చేసే ఒక సాయాన్ని గమనించాలి. ఒకే రిక్వెస్టులో ఒకే డిపెండెన్సీని రెండు చోట్ల అడిగితే, అది ఒక్కసారే తయారు చేసి రెండు చోట్లా అదే వస్తువును ఇస్తుంది. కనుక రెండు రిపాజిటరీలూ ఒకే సెషన్‌తో, అంటే ఒకే ట్రాన్సాక్షన్‌తో (అన్నీ జరిగే లేదా ఏదీ జరగని మార్పుల కట్టతో) పనిచేస్తాయి. లాటు అమ్ముడైనట్టు నమోదై, రైతు ఖాతాలో మాత్రం డబ్బు జమ కాని పరిస్థితి రాకూడదు కదా. ఆ హామీ ఇక్కడి నుంచి వస్తుంది.

కమిట్ ఎక్కడ చేయాలి

సెషన్‌ను ఇచ్చే ఫంక్షన్‌లోనే, యీల్డ్ తరువాత కమిట్ పెట్టేస్తే ప్రతి హ్యాండ్లర్‌లో రాసే శ్రమ తప్పుతుందని అనిపిస్తుంది. నేను దీన్ని సిఫారసు చేయను. యీల్డ్ తరువాతి భాగం జవాబు వెళ్ళకముందు నడుస్తుందా, వెళ్ళాక నడుస్తుందా అన్నది ఫాస్ట్‌ఏపీఐ వెర్షన్లను బట్టి మారుతూ వచ్చింది. జవాబు వెళ్ళాక కమిట్ విఫలమైతే, గుమస్తా తెర మీద నమోదు అయినట్టు కనబడుతుంది, డేటాబేస్‌లో మాత్రం ఏమీ ఉండదు. రైతు చేతికి చీటీ రాసి ఇచ్చేది ఆ తెరను చూసే. అందుచేత కమిట్‌ను హ్యాండ్లర్‌లో గానీ, అది పిలిచే సర్వీస్ ఫంక్షన్‌లో గానీ కళ్ళకు కనబడేలా రాయండి. రిపాజిటరీల లోపల మాత్రం కమిట్ పెట్టకండి. పెడితే రెండు రాతలను ఒకే ట్రాన్సాక్షన్‌లో కలిపే అవకాశం పోతుంది.

ధర ఖరారు కాగానే రైతుకు ఎస్సెమ్మెస్ పంపాలనుకుందాం. సెషన్ తెరవగానే కనెక్షన్ తీసుకోదు, మొదటి క్వెరీ నడిచినప్పుడు తీసుకుంటుంది, కమిట్ అయినప్పుడు తిరిగి ఇస్తుంది. ట్రాన్సాక్షన్ మధ్యలో ఎస్సెమ్మెస్ సేవను పిలిస్తే, అవతలి సర్వర్ ఎంత ఆలస్యం చేస్తే అంతసేపు మన కనెక్షన్ ఒకటి ఊరకే బిగుసుకుని ఉంటుంది. ముందు కమిట్ చేసి తరువాత పంపండి. అప్పుడు కూడా ఒక చిక్కు ఉంది. కమిట్ తరువాత ఆబ్జెక్టులోని విలువలు పాతబడినట్టు సెషన్ గుర్తు పెట్టుకుంటుంది, ధరను మళ్ళీ చదవగానే కొత్త క్వెరీ నడిచి కనెక్షన్ మళ్ళీ చేతికి వస్తుంది. సందేశానికి కావలసిన పేరు, ధర, బరువులను కమిట్‌కు ముందే మామూలు వేరియబుల్స్‌లోకి తీసుకుంటే ఇది జరగదు. బ్యాక్‌గ్రౌండ్ టాస్క్‌లో డేటాబేస్ పని ఉంటే రిక్వెస్టు సెషన్‌ను దానికి అందించకుండా, సెషన్‌మేకర్‌ను ఇచ్చి, దాని సెషన్‌ను అదే తెరిచి మూసేలా రాయండి.

లెక్క వేసుకోవలసిన సంఖ్యలు

ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ పూల్ మామూలుగా 5 కనెక్షన్లను నిలువ ఉంచి, అవసరమైతే మరో 10 వరకు తెరుస్తుంది, అంటే ఒక ప్రాసెస్‌కు గరిష్ఠంగా 15. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్ పరిమితి 100, అందులో 3 సూపర్‌యూజర్ కోసం పక్కన ఉంటాయి. ఒక సర్వర్‌లో 4 వర్కర్లు నడిపితే 60, ఇబ్బంది లేదు. ఆదోని పత్తి యార్డును కూడా చేర్చి అదే డేటాబేస్‌కు రెండో సర్వర్‌ను కలిపితే 120 అవుతుంది. రద్దీ సమయంలో డేటాబేస్ కొత్త కనెక్షన్లను తిరస్కరిస్తుంది. కనుక ప్రాసెస్‌ల సంఖ్యను పూల్ గరిష్ఠంతో గుణించి, అది పరిమితికి బాగా లోపల ఉండేలా పూల్_సైజ్, మ్యాక్స్_ఓవర్‌ఫ్లో విలువలను తగ్గించండి. మరో వైపు కూడా చూడాలి. అసింక్ కాని మామూలు హ్యాండ్లర్లను ఫాస్ట్‌ఏపీఐ డిఫాల్ట్‌గా 40 థ్రెడ్ల వరకు నడుపుతుంది. 15 కనెక్షన్ల కోసం 40 థ్రెడ్లు పోటీ పడితే మిగతావి వరుసలో నిలబడతాయి, 30 సెకన్లు దాటితే టైమౌట్ ఎర్రర్ వస్తుంది. ఈ ఎర్రర్ కనబడగానే పూల్‌ను పెంచేయకుండా, కనెక్షన్‌ను ఎక్కువసేపు పట్టుకున్న హ్యాండ్లర్ ఏదో ముందు వెతకడం మంచిది. చాలాసార్లు అసలు కారణం అక్కడే దొరుకుతుంది.

పరీక్షలలో యాప్‌లోని డిపెండెన్సీ_ఓవర్‌రైడ్స్ డిక్షనరీలో, సెషన్‌ను ఇచ్చే ఫంక్షన్‌కు బదులుగా పరీక్ష సెషన్‌ను ఇచ్చే ఫంక్షన్‌ను పెడితే చాలు, హ్యాండ్లర్లను ముట్టుకోనక్కరలేదు. పరీక్ష డేటాబేస్‌లో ఒక కనెక్షన్ తెరిచి, బయట ఒక ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, సెషన్‌ను సేవ్‌పాయింట్ (ట్రాన్సాక్షన్ లోపలే పెట్టే మధ్య గుర్తు) పద్ధతిలో దానికి కట్టండి. హ్యాండ్లర్ కమిట్ చేసినా, చివర బయటి ట్రాన్సాక్షన్‌ను రోల్‌బ్యాక్ చేయగానే అంతా చెరిగిపోయి తరువాతి పరీక్షకు డేటాబేస్ శుభ్రంగా ఉంటుంది. ప్రతి పరీక్ష తరువాతా ఆ డిక్షనరీని ఖాళీ చేయండి. వేగం కోసం ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైలులో నడిచే చిన్న డేటాబేస్) మీద పరీక్షించడం కన్నా పోస్ట్‌గ్రెస్ మీదే పరీక్షించడం నమ్మదగినది, ఎందుకంటే డేటా రకాల విషయంలో, లాకుల విషయంలో రెండూ ఒకేలా ప్రవర్తించవు.

వేరే ఫ్రేమ్‌వర్క్‌లలో పేర్లు మారతాయి, ఆయుష్షుల లెక్క మారదు. ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్‌లో డీబీకాంటెక్స్ట్ (అక్కడి సెషన్ లాంటిది) డిఫాల్ట్‌గా స్కోప్డ్, అంటే రిక్వెస్టుకు ఒకటి. దాన్ని సింగిల్‌టన్ (అప్లికేషన్ మొత్తానికి ఒకటే ఉండే) సర్వీసు కన్‌స్ట్రక్టర్‌లోకి తీసుకుంటే రిక్వెస్టు ముగిసినా అది చావదు, ఈ తప్పు అక్కడ తరచుగా జరుగుతుంది. స్ప్రింగ్ బూట్‌లో హికారీ పూల్ గరిష్ఠం డిఫాల్ట్‌గా 10. జాంగో తన కనెక్షన్లను తానే చూసుకుంటుంది కాబట్టి అక్కడ ఇదంతా పైన మళ్ళీ కట్టవలసిన పని లేదు.

అంతా అమర్చాక, రద్దీ వేళ పోస్ట్‌గ్రెస్‌లోని పీజీ_స్టాట్_యాక్టివిటీ వ్యూను (అప్పటి కనెక్షన్ల జాబితాను) తెరిచి చూడండి. ప్రతి సర్వర్‌కూ కనెక్షన్ చిరునామాలో అప్లికేషన్_నేమ్ ఇచ్చి ఉంటే, ఏ కనెక్షన్ కర్నూలు సర్వర్‌దో, ఏది ఆదోనిదో విడివిడిగా తెలుస్తుంది. స్టేట్ గడిలో ఐడిల్ అని ఉన్నవి పూల్‌లో విశ్రాంతిగా ఉన్నవి, వాటితో పేచీ లేదు. ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ అని నిమిషాల తరబడి కనబడేవి మాత్రం ఎవరో తెరిచి వదిలేసిన ట్రాన్సాక్షన్లు. అదే వరుసలోని క్వెరీ గడి చివరిగా నడిచిన ఎస్‌క్యూఎల్‌ను చూపిస్తుంది కనుక, దాన్ని పట్టుకుని ఆ హ్యాండ్లర్‌ను చేరవచ్చు.