బల్ల మీద బుల్లి స్పీకర్లు – 4వ పాఠం: పెట్టె ఎందుకు గుమ్మంటోంది?

ఈసారి వైరింగు చెప్పాల్సింది. అది వచ్చే పాఠానికి వాయిదా. పోయినసారి చెప్పిన 6 లీటర్ల పెట్టె కట్టినవాళ్లలో చాలామందిది ఒకటే గోడు: మృదంగం తొప్పి మోత ఆగాల్సిన చోట ఆగడం లేదు, ఘంటసాల పద్యం పీపాలోంచి వచ్చినట్టుంది. ఇంకో ముక్క కూడా చెప్పారు, అసలు ఆధారం అదే. అదే పెట్టెను చిన్న చిప్ ఆంప్‌కి (ఐసీతో నడిచే ఆంప్లిఫైయర్‌కి) తగిలిస్తే బాగానే ఉందట, వాల్వు ఆంప్‌కి (గాజు వాల్వులతో నడిచేదానికి) తగిలించగానే గుమ్మంటోందట.

కాబట్టి మీ ప్లైవుడ్ తప్పు కాదు, వడ్రంగి తప్పూ కాదు. లెక్క తప్పింది, అది నా పొరపాటే. డ్రైవర్ (పెట్టెలో బిగించే కోన్, కాయిల్, అయస్కాంతం ఉన్న యూనిట్) కాగితంలో ఇచ్చిన క్యూటీఎస్ అంకె, అంటే కోన్‌కి బ్రేకు ఎంత తక్కువో చెప్పే అంకె, ఆంప్ అవుట్‌పుట్ నిరోధం సున్నా అనుకుని ఇచ్చేది. చిప్ ఆంప్‌కి అది దాదాపు నిజం. ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి సరిదిద్దుకోవడం) లేని సింగిల్ ఎండెడ్ ట్రయోడ్ వాల్వు ఆంప్‌కి మాత్రం ఎంతమాత్రం కాదు.

పెట్టెలో బిగించని డ్రైవర్ ఒకటి ఉంటే చేతిలోకి తీసుకోండి. టెర్మినళ్లు ఖాళీగా వదిలి కోన్ అంచు దగ్గర వేలి కొసతో మెల్లగా తట్టండి. 'డుమ్' అని కాస్త సాగుతుంది. ఇప్పుడు చిన్న వైరు ముక్కతో రెండు టెర్మినళ్లూ కలిపి మళ్లీ తట్టండి. 'టప్' అని చచ్చిపోతుంది. కాయిల్ అయస్కాంతంలో కదిలినప్పుడు పుట్టే కరెంటే కోన్‌కి బ్రేకు. ఆ కరెంటు తిరిగే దారిలో ఆంప్ కూడా ఉంటుంది. దారిలో నిరోధం పెరిగితే బ్రేకు సడలుతుంది. వైరు బదులు 3.3 ఓంల రెసిస్టర్ పెట్టి తట్టి చూడండి, రెండింటికీ మధ్యలో మోగుతుంది. మీ వాల్వు ఆంప్ చేస్తున్నది ఇదే.

ఎంత సడలుతుంది? మనం తీసుకున్న 4 అంగుళాల డ్రైవర్‌కి ఎఫ్ఎస్ (కోన్ తనంత తాను మోగే స్థాయి) 80 హెర్ట్జ్, ఆర్ఈ (కాయిల్ నిరోధం) 7 ఓంలు, క్యూఎంఎస్ (యాంత్రిక బ్రేకు అంకె) 2.7, క్యూఈఎస్ (కరెంటు బ్రేకు అంకె) 0.38, వ్యాస్ (కోన్ బిగువుకి సమానమైన గాలి) 6 లీటర్లు. రెండు క్యూలనీ గుణించి, వాటి కూడికతో భాగిస్తే క్యూటీఎస్ 0.33 వస్తుంది. ఆంప్ వైపు 2ఏ3 వాల్వు అనుకుందాం. ప్లేటు నిరోధం 800 ఓంలు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ 2500 ఓంలకి 8. అంటే 800ని ఆ నిష్పత్తి 312తో భాగించాలి: 2.6 ఓంలు. వైండింగుల నిరోధం కలిపితే 3 అనుకోవచ్చు. క్యూఈఎస్‌ని (7+3)/7తో గుణిస్తే 0.54. దాంతో క్యూటీఎస్ 0.45. 0.33కి కట్టిన పోర్టు (గాలి గొట్టం) పెట్టెలో 0.45 డ్రైవర్ కూర్చుంది. గుమ్మనక ఏం చేస్తుంది?

'డ్యాంపింగ్ ఫ్యాక్టర్ తక్కువైతే బేస్ వదులవుతుంది, అంతేగా' అని తేల్చేసేవాళ్లంటే నాకు చిరాకు. (డ్యాంపింగ్ ఫ్యాక్టర్ అంటే స్పీకర్ నిరోధాన్ని ఆంప్ నిరోధంతో భాగిస్తే వచ్చే అంకె.) వదులవడం కాదు, మీరు వేరే డ్రైవర్ కొన్నట్టే. ఆ కొత్త డ్రైవర్‌కి పెట్టె కడితే ఏ వదులూ ఉండదు.

మీ ఆంప్ అంకె మీరే కొలవండి. 8.2 ఓంల, 10 వాట్ల తెల్ల సిమెంట్ రెసిస్టర్లు రెండు చాలు. హైదరాబాద్ వాళ్లకు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. ఫోన్ నుంచి 200 హెర్ట్జ్ సైన్ టోన్ పెట్టండి. 50, 100 వద్దు, ఆంప్ హమ్ అక్కడే ఉండి మీటర్‌ని మోసం చేస్తుంది. ఆంప్ 8 ఓంల ట్యాప్‌కి (స్పీకర్ తగిలించే టెర్మినల్‌కి) రెండు రెసిస్టర్లూ వరసగా కట్టి, మల్టీమీటర్ ఏసీ వోల్టుల్లో చూడండి: 1.86 వచ్చిందనుకోండి. వాల్యూమ్ నాబ్ ముట్టుకోకుండా ఆంప్ ఆపి, ఒక్క రెసిస్టరే ఉంచి మళ్లీ చూడండి: 1.61. కరెంట్లు 0.113, 0.196. వోల్టుల తేడా 0.25ని కరెంటు తేడా 0.083తో భాగిస్తే 3 ఓంలు. లోడు లేకుండా మాత్రం వాల్వు ఆంప్‌ని ఒక్క క్షణం కూడా నడపొద్దు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ పోతుంది. ఆంప్ మూత తీయాల్సిన పనే లేదు, లోపల 250 వోల్టులకు తక్కువుండదు.

ఇక మందు. నేనైతే ముందు 8 ఓంల స్పీకర్‌ని 4 ఓంల ట్యాప్‌కి మారుస్తాను. 3 ఓంలు 1.5 అవుతుంది, క్యూటీఎస్ 0.39కి దిగుతుంది. పవర్ కొంత పోతుంది, పోనీయండి. బల్ల మీద 70 సెంటీమీటర్ల దూరంలో 89 డెసిబెల్ డ్రైవర్‌కి ఒక్క వాటే ఎక్కువ. ఈ ఉపాయం ట్రయోడ్‌కే. ఫీడ్‌బ్యాక్ లేని పెంటోడ్‌కి (మరో రకం వాల్వుకి) పనికిరాదు.

అప్పటికీ సాగుతుంటే పోర్టు పొడవు పెంచండి. లోపలి వ్యాసం 36 మిల్లీమీటర్లున్న పీవీసీ పైపు 5.3 సెంటీమీటర్లు పెట్టాం, పెట్టె శ్రుతి 80 హెర్ట్జ్‌కి. 9.4 పెడితే 65కి దిగుతుంది. పెట్టె లోపలి లోతు 18, సరిపోతుంది.

గోడకి ఆనించి పెట్టేవాళ్లు పోర్టే మూసేయండి. మూసిన పెట్టెలో 0.45 డ్రైవర్‌కి మొత్తం క్యూ 0.64, అది చక్కటి అంకె. చిప్ ఆంప్‌తో అదే పెట్టె 0.47తో పీలగా ఉంటుంది. వాల్వు వాళ్లకి దక్కే లాభమిది. మూసే ముందు పోర్టులో పాత సాక్సు కుక్కి ఒక సాయంత్రం వినండి, నచ్చితేనే బిరడా అతికించండి.

పెట్టె నిండా దూది కుక్కి గుమ్ము తగ్గించామన్నవాళ్లు దాన్ని తీసేయండి. వెనక గోడకి పలచటి పాలిస్టర్ పొర చాలు.

'స' అక్షరం గుచ్చుతోందని అడిగినవాళ్లకి: మూలం అదే 3 ఓంలు. పైస్థాయిలో డ్రైవర్ ఇంపెడెన్స్ (ఏసీకి చూపే నిరోధం) 20 ఓంలకి చేరితే అక్కడ వోల్టేజి దాదాపు 2 డెసిబెళ్లు ఎక్కువ పడుతుంది. డ్రైవర్‌కి సమాంతరంగా 8.2 ఓంలు, 4.7 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ వరసలో కట్టండి. విలువలు సరిచూసుకోవడం వైరింగు పాఠంలో.

అభ్యాసం: మీ ఆంప్ మూడు ట్యాపుల్లోనూ అవుట్‌పుట్ నిరోధం కొలిచి, ఒక్కోదానికి క్యూటీఎస్ కట్టండి. తర్వాత 60 నుంచి 200 హెర్ట్జ్ దాకా 10 చొప్పున టోన్లు పెడుతూ, కూర్చునే చోట ఏది ఉబ్బిందో రాయండి. ముందు పోర్టు తెరిచి, తర్వాత సాక్సు పెట్టి. ఒక్క స్పీకర్‌తోనే చేయండి, రెండోదాని స్థానంలో రెసిస్టర్ లోడు కట్టడం మరిచిపోకుండా.