మార్పు పాఠాలు – 4: ఎవరు కాదంటున్నారు, ఎందుకు కాదంటున్నారు

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. మీ షాపులోనో మిల్లులోనో కొత్త పద్ధతి పెడితే ఎవరెవరి రోజువారీ పని మారుతుందో పేర్లు రాయమన్నాను. ఆ కాగితం తీసి ముందు పెట్టుకోండి, ఈ పాఠమంతా దాని మీదే. రాయనివాళ్లు ఇక్కడే ఆగి, పది నిమిషాలు కూర్చుని రాసి, అప్పుడు చదవండి. పేర్లు లేకుండా 'స్టాఫ్ ఒప్పుకోవట్లేదు' అనుకుంటూ కూర్చుంటే ఏ పద్ధతీ పనిచేయదు. స్టాఫ్ అనే మనిషి ఎవరూ లేరు కదా, బిల్లు రాసే అతను ఉన్నాడు, గోడౌన్ చూసే అతను ఉన్నాడు, ఇద్దరూ వద్దంటున్నా ఇద్దరి కారణాలూ వేరు.

మొదటి పాఠం నుంచీ చాలామంది అడుగుతున్నది ఒకటే: మార్పు తేవడానికి ఏ మోడల్ పట్టుకోవాలి? కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1947లో రాసిన మూడు దశలు (పాత అలవాటును సడలించడం, మార్చడం, కొత్తదాన్ని గట్టిపరచడం) మీరు వినే ఉంటారు. మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ జాన్ కాటర్ 1995లో చెప్పిన ఎనిమిది మెట్లు వందకు పైగా కంపెనీలను గమనించి రాసినవి. వాటిలో పెద్ద పెద్ద సంస్థలు ఉన్నాయి. పన్నెండు మంది పనిచేసే షాపులో ఆ ఎనిమిదీ వరసగా ఎక్కాలని చూస్తే మీటింగులతోనే నెల గడిచిపోతుంది. అందుకే మోడల్ పేరుతో మొదలుపెట్టొద్దంటాను. ముందు మీ మనుషుల్ని చదవండి, ఆ తర్వాత దారి మీకే కనిపిస్తుంది.

ఇది నేను ఒక దెబ్బ తిన్నాక తెలుసుకున్నాను. కొన్నేళ్ల కిందట విజయనగరంలో ఒక బట్టల షాపులో కంప్యూటర్ బిల్లింగ్ పెట్టించే పని నాకు అప్పగించారు. దసరాకి రెండు వారాల ముందు పెట్టాం. దసరా వెళ్లగానే వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, ఊళ్లోకి చుట్టుపక్కల పల్లెలన్నీ దిగే రోజులవి, షాపులో నిలబడటానికి చోటుండదు. గుమాస్తాగారికి నేను మూడు సాయంత్రాలు కూర్చుని ఓపిగ్గా నేర్పాను, ఆయన తలూపుతూ విన్నారు, నాలుగో రోజు వెళ్లి చూస్తే కౌంటర్ మీద మళ్లీ ఎర్ర అట్ట పుస్తకం. నాకు కోపం వచ్చింది, ఇంకో రెండు సాయంత్రాలు నేర్పాను. అదే నా తప్పు. ఆయనకి రాక కాదు. ఏ పల్లెలో ఎవరికి ఎంత అరువు ఇవ్వొచ్చో, ఎవరు పంట అమ్మాక తీరుస్తారో, ఎవరు తీర్చరో ఆ షాపులో ఆయన ఒక్కరికే తెలుసు. ఆ లెక్కంతా కంప్యూటర్‌లోకి వెళ్లిపోతే రేపు తన అవసరం ఏముంటుందని ఆయన టెన్షన్. ఆ భయానికి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే నేను అసలు అడగనే లేదు. పండగ సీజన్ అంతా పాత పుస్తకంతోనే నడిచింది.

లెవిన్ చెప్పిన ఇంకో మాట ఈ సంగతికి సరిగ్గా సరిపోతుంది, ఆయన మూడు దశల కంటే నాకు ఇదే ఎక్కువ ఉపయోగపడింది. ఏ పరిస్థితి అయినా ముందుకు తోసే బలాలకీ వెనక్కి లాగే బలాలకీ మధ్య నిలబడి ఉంటుంది. తోసే బలం పెంచితే కదలొచ్చు కానీ లోపల ఒత్తిడి కూడా పెరుగుతుంది. లాగే బలాన్ని తగ్గిస్తే ఒత్తిడి లేకుండానే కదులుతుంది. నేను ఐదు సాయంత్రాలు తోశాను. లాగుతున్నదేంటో ఒక్క సాయంత్రం కూడా చూడలేదు.

ఇప్పుడు కాగితం మీదికి రండి. ప్రతి పేరు పక్కన, ఆ మనిషి ఎందుకు కాదంటున్నారో రాయాలి. 1979లో ఇదే కాటర్, ష్లెసింగర్ అనే ఇంకొకరితో కలిసి ఈ కారణాల్ని నాలుగుగా విడదీశాడు, మన వాడుకలో చెప్పుకుంటే ఇలా: ఆ మనిషికి నిజంగానే ఏదో పోతుంది, లేదా విషయం సరిగా తెలియక మీ మీద నమ్మకం లేదు, లేదా మీరు చూసినదాని కంటే వేరేది వాళ్లకు కనిపిస్తోంది, లేదా కొత్తది తనవల్ల అవుతుందా అని బెదురు. నాలుగింటికీ మందు వేరు. తెలియనివాళ్లకి చెప్పాలి, చూపాలి. బెదిరేవాళ్లకి పక్కన నిలబడి చేయించాలి, కొన్నాళ్లు తప్పులు పోనివ్వాలి. నిజంగా పోగొట్టుకునేవాళ్లతో బేరం కుదుర్చుకోవాలి, అక్కడ ఉపన్యాసం ఇస్తే అవమానించినట్టే. వేరేది కనిపిస్తున్నవాళ్లని మాత్రం పనిలోకి పిలిచి నిర్ణయంలో కూర్చోబెట్టాలి, ఎందుకంటే చాలాసార్లు రైటు వాళ్లదే.

కాటర్, ష్లెసింగర్ ఇచ్చిన మందుల జాబితాలో ఇంకో పద్ధతి కూడా ఉంది: గట్టిగా మాట్లాడే మనిషికి పేరుకి ఓ పదవి ఇచ్చి నోరు కట్టేయడం. దాన్ని వాడొద్దని నేను గట్టిగా చెబుతాను. మన ఊళ్లలో టీకొట్టు దగ్గరికి వెళ్లేలోపు ఆ సంగతి అందరికీ తెలిసిపోతుంది, ఆ తర్వాత మీరు నిజం చెప్పినా ఎవరూ వినరు.

ఒక లెక్క కలిసి చేద్దాం. పలాసలో మీకు జీడిపప్పు యూనిట్ ఉందనుకోండి, ముప్పై మంది ఆడవాళ్లు పప్పు మీద పొర తీస్తున్నారు, కూలి కిలో లెక్కన. పొర తీసే మిషను కొనాలనుకున్నారు. మీకు అర్థమైంది ఒక్కటే, 'వీళ్లకి మిషనంటే భయం'. కానీ వెళ్లి ఒక్కొక్కరితో మాట్లాడితే మూడు రకాలుగా తేలుతుంది. ఒకామె, "మిషనొస్తే మా సేతికి మిగిలేదేటి బాబూ?" అంటుంది. ఇది భయం కాదు, లెక్క. ఆమె కిలోలు మిషను తినేస్తుంది. ఈమెతో గ్రేడింగ్‌లోకి మార్పు, మొదటి మూడు నెలలు పాత సంపాదనకి తగ్గకుండా హామీ, ఇలాంటి మాట మాట్లాడాలి, అదీ మిషను లారీ దిగకముందే. ఇంకొకామెకి కరెంటు మిషను దగ్గర నిలబడాలంటేనే బెదురు, ఆమెకి పది రోజుల తోడు చాలు. మూడో ఆమె, అందరికంటే పాత మనిషి, "బోర్మాలో ఆరడం తేడా వస్తే మిషనులో అంతా ముక్కే" అంటుంది. బోర్మా అంటే పప్పు ఆరబెట్టే వేడి గది. ఈ మాట దగ్గర ఆగండి. పప్పు సరిగా ఆరకపోతే పొర అంటుకుని ఉంటుంది, మరీ ఆరితే విరిగిపోతుంది, ఆ మధ్య పదును ఆమె చేత్తో పట్టుకుని చెప్పగలదు. డబ్ల్యూ 320 అనే గ్రేడు అంటే పౌండుకి (దాదాపు 454 గ్రాములు) 300 నుంచి 320 విరగని గుండు పప్పులు. విరిగిందంటే ఆ గ్రేడే పోయి ముక్క ధరకి దిగిపోతుంది. మిషను అమ్మే అతను ఈ సంగతి మీకు చెప్పకపోవచ్చు. ఆమెని ట్రయల్‌లో పక్కన పెట్టుకుంటే మీ డబ్బులు మిగులుతాయి.

చూశారా, ఒకే యూనిట్, ఒకే మార్పు, మూడు పద్ధతులు కలిపి వాడాల్సి వచ్చింది. 'మాది ఫలానా మోడల్' అని ఒక్కటే పట్టుకుంటే ఇద్దరిని పోగొట్టుకునేవాళ్లం.

ఇక టైము సంగతి, ఇది త్వరగా అయిపోతుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది, ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు నేలకొరిగాయి, కరెంటు రోజుల తరబడి లేదు. అలాంటప్పుడు తడిసిన బస్తాలు ఎక్కడికి మార్చాలో అందర్నీ కూర్చోబెట్టి అభిప్రాయం అడగరు, ఒక్కరు చెప్పాలి, మిగతావాళ్లు చేయాలి. ఆదేశం తప్పు పద్ధతి కాదు, దానికి దాని వేళ ఉంది. 2017 జులై 1న వచ్చిన జీఎస్టీ ఇంకో రకం. మారాలా వద్దా అన్నది మన చేతుల్లో లేదు, బిల్లు ఎవరు రాయాలి, ఎవరికి నేర్పాలి అన్నది మాత్రం మన చేతుల్లోనే ఉంది. కాబట్టి మీ కాగితం పైన ఒక మూల రాసుకోండి: గడువు ఎవరు పెట్టారు, చట్టమా, తుఫానా, నేనా? నేనే అయితే దాన్ని జరపొచ్చు. నేను ఆ షాపులో దసరా తర్వాతికి జరిపి ఉండాల్సింది, ఎవరూ అడ్డు చెప్పేవాళ్లు కాదు.

ఈ వారం చేయాల్సింది: మీ పట్టీలో ముగ్గురిని ఎంచుకోండి, అందులో ఒకరు మీకు బొత్తిగా పడనివాళ్లు అయి ఉండాలి. ఒక్కొక్కరితో విడిగా, వాళ్లు పనిచేసే చోటికే వెళ్లి, పావుగంట మాట్లాడండి. మీ ఆఫీసు గదికి పిలవొద్దు, అక్కడ ఎవరూ నిజం చెప్పరు. "ఇది పెడితే మీకేం ఇబ్బంది అవుతుంది?" అని అడిగి ఊరుకోండి, జవాబు మధ్యలో సర్ది చెప్పొద్దు. వాళ్లన్న మాట వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ఆ తర్వాత ఇంటికొచ్చి నాలుగు కారణాల్లో ఏదో గుర్తు పెట్టండి. రెండు కారణాలు కలిసి ఉంటే రెండూ రాయండి, అలా చాలామందికి ఉంటుంది.

వచ్చే పాఠంలో ఆ ముగ్గురితో చిన్న ట్రయల్ ఎలా నడపాలో, ట్రయల్ బెడిసికొడితే పాత పద్ధతికి ఎలా తిరిగి రావాలో చూద్దాం. పాత పుస్తకాలు, పాత రేట్ల కాగితాలు అప్పటిదాకా పారేయకండి, వాటితో పని ఉంది.